మిగిలిన 41 డైపర్లు

ఏప్రిల్ ముప్ఫయ్యో తారీఖున వృద్ధుల హోములో అమ్మ గది అలమర తీసి చూస్తే డైపర్లు 41 మిగిలి ఉన్నాయి. నెల మొదట్లో పదేసి ఉండే ప్యాకెట్లు తొమ్మిది ఇచ్చి వచ్చాను, రోజుకి మూడు లెక్కన. నిజం చెప్పాలంటే చూడగానే సంతోషమేసింది. మే నెలకి నాలుగైదు ప్యాకెట్లు కొంటే సరిపోతుంది కదా అనుకుంటూ గుంటూరు బ్రాడీపేటలో ఇంటికొచ్చి మా ఆవిడతో అదే మాట అన్నాను. గోంగూర ఒలుస్తున్నదల్లా చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.

"మిగలడమేంటండీ? అవేమన్నా బియ్యమా, పొదుపుగా వాడుకోడానికి?"

ముప్ఫై రోజుల్లో 49. రోజుకి ఒకటిన్నర. అంటే పొద్దున వేసింది రాత్రిదాకా, ఒక్కోరోజు మర్నాడు పొద్దుటిదాకా.

నేను సహకార బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను, చివరి పదకొండేళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో. క్యాష్ తక్కువొస్తే కేషియర్ పొరపాటు అనుకోవచ్చు, ఎక్కువొస్తే మాత్రం ఎవరి ఖాతా కోసుకుపోయిందో ముందు చూడండ్రా అని కొత్త కుర్రాళ్ళకి నూరిపోసినవాణ్ణి. అలాంటి నేను అమ్మ దగ్గర మిగులు చూసి మురిసిపోయాను. పట్టుకున్నది మా ఆవిడ, గోంగూర ఒలుచుకుంటూ.

అమ్మకి 86. రెండేళ్ళ కిందట బాత్రూంలో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది గానీ నడక తిరిగి రాలేదు. ఇంటికొచ్చి చూసే ఆయమ్మలు నలుగురు మారారు. ఐదో ఆవిడ దొరికేలోపు మా ఆవిడకే మోకాళ్ళ ఆపరేషన్ అయింది. అబ్బాయి పూణేలో. మిగిలింది నేనొక్కణ్ణి, 63 ఏళ్ళవాణ్ణి, వంగి బకెట్ ఎత్తితే నడుం పట్టేసేవాణ్ణి. హోములో చేర్చాం. అమ్మని ఆశ్రమంలో పడేశారట అని మా లైనులో రెండు వారాలు చెప్పుకున్నారు. చెప్పుకోనీ. ఈ పోస్టు దాని గురించి కాదు.

హోము ఊరికి కాస్త అవతల, కొత్త బిల్డింగు. ముందు పచ్చిక, లోపల చిన్న మందిరం, లిఫ్టు, గదికో టీవీ. నెలకి 24 వేలు, మందులూ డైపర్లూ మనవే. మూడు నెలల అడ్వాన్సు. చూడ్డానికి వెళ్ళిన రోజు నేనడిగిన ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. జనరేటర్ ఉందా? ఆర్వో నీళ్ళేనా? డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు? ఉంది, ఆర్వోనే, రెండుసార్లు అన్నారు. అన్నీ నిజమే. ఆ ఆర్వో నీళ్ళు అమ్మ నోటిదాకా ఎవరు తెస్తారని మాత్రం అడగలేదు. రాత్రి రెండింటికి ఎంతమంది మెలకువగా ఉంటారనీ అడగలేదు.

మొదటి రెండు నెలలూ నాకేమీ తేడా కనిపించలేదు. ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ఆదివారం ఏ హోము చూసినా పెళ్ళివారిల్లులాగే ఉంటుంది. మన దగ్గర పుట్టినరోజుకీ, పెద్దవాళ్ళ తద్దినానికీ హోముల్లో అన్నదానం చేయడం ఆనవాయితీ అయిపోయింది కదా. మంచిదే, కాదనను. మేమూ మా అబ్బాయి పుట్టినరోజుకి చేశాం. కానీ ఒకే ఆదివారం ముగ్గురు దాతలొస్తే పొద్దున కేకు, మధ్యాహ్నం పులిహోర బూరెలు, సాయంత్రం జాంగ్రీ. షుగర్ ఉన్న ముసలమ్మ చేతిలో బూరె పెట్టి ఫోటో దిగుతారు. పెద్దావిడ వద్దంటుందా? అమ్మకి సోమవారం షుగర్ చూస్తే ఎప్పుడూ మూడొందలకి తగ్గేది కాదు. నెలకి 24 వేలు తీసుకునే చోట అన్నదానం ఎందుకని అడిగితే మేనేజరు నవ్వి, "వాళ్ళ పుణ్యం మనమెందుకు కాదనాలి సార్" అన్నాడు.

ఫిబ్రవరిలో ఓ రోజు వెళ్ళేసరికి అమ్మ నన్ను చూసి "అన్నయ్యా, పసుపు యార్డుకి బండి కట్టావా?" అంది. అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర. మా పెద్ద మావయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు కాళ్ళు వణికాయి. "ఈ వయసులో మామూలేనండీ, మతిమరుపు మొదలైంది, మీరు టెన్షన్ పడకండి" అన్నారు హోములో. నేను నమ్మేశాను కూడా. మా ఆవిడే ఊరుకోక, మాకు తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేయించింది. ఆయన ఒకటే ప్రశ్న వేశారు. "మొన్న ఆదివారం మిమ్మల్ని గుర్తుపట్టారా?" పట్టింది. "మూడు రోజుల్లో మతిమరుపు రాదు. యూరిన్ టెస్టు చేయించండి."

మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళు తీసుకుని మెల్లగా వస్తుందట. ఉన్నట్టుండి మనిషి మాట మారితే ముందు ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మందో కారణమేమోనని చూడాలట. పెద్దవాళ్ళకి జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చునట, పైకి కనిపించేది ఆ తికమకే. అనుకున్నట్టే యూరిన్ ఇన్ఫెక్షన్. మందులు వేశాక ఐదో రోజున అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏరా, అలా చిక్కిపోయావేం? అమ్మాయి వంట చేయట్లేదా?" అంది. అలా తిట్టినందుకు ఎంత హాయిగా అనిపించిందో.

నీళ్ళు బాగా తాగించండి, వయసు పైబడ్డవాళ్ళకి దాహం సరిగా తెలియదు, అడిగినప్పుడు ఇద్దామంటే కుదరదు అన్నారు డాక్టరుగారు. హోములో చెప్పాను. అలాగే సార్ అన్నారు. గోడకున్న కాగితం మీద రాసుకున్నారు కూడా. నా పనైపోయిందనుకున్నాను. రాసుకుంటే జరిగినట్టే అనుకోవడం మా ఉద్యోగంలో వచ్చిన జబ్బు.

ఆ తర్వాతే ఏప్రిల్, ఆ 41.

మర్నాడు మా ఆవిడ కర్ర పట్టుకుని ఆటో ఎక్కింది. ఆపరేషన్ అయ్యాక మెట్లు దిగడం అదే మొదలు. ఇక్కడో మాట చెప్పుకోవాలి. అమ్మ ఒంటిని నేను చూడలేను, అమ్మ చూడనివ్వదు. చూడగలిగిన మనిషి మంచంలో ఉంది. హోముకి వెళ్ళే కొడుకులు చాలామందిది ఇదే కథ అనుకుంటాను. కుర్చీలో కూర్చుని, తిన్నావా అమ్మా, నిద్ర పట్టిందా అని అడిగి, పళ్ళు పెట్టి వచ్చేస్తాం. దుప్పటి కింద ఏముందో మనకి తెలియదు.

నన్ను బయటికి పంపించి తలుపేసింది. పది నిమిషాలకి పిలిచింది. నడుం చివర, వెన్నెముక ముగిసే చోట, అరచేతిలో సగమంత మేర చర్మం కమిలి ఉందని చెప్పింది. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు ఒక్క క్షణం పాలిపోయి మళ్ళీ వస్తుంది, ఇది నొక్కినా మారలేదు. అక్కడ ముట్టుకుంటే చుట్టూ ఉన్న ఒంటికన్నా వేడిగా, గట్టిగా తగిలిందట. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి వేడినీ గట్టిదనాన్నీ చూసుకోవాలని వాళ్ళమ్మని చూసుకున్న రోజుల్లో ఒక నర్సు నేర్పిందట. పుండు ఇంకా పడలేదు, పడబోతోంది. మడమలు చూడమంటే నేనే చూశాను. ఎడమ మడమ నల్లబారి ఉంది.

"నోరు పిడచకట్టుకుపోతోందే అమ్మాయీ, కాసిని నీళ్ళు పొయ్యి" అంది అమ్మ. గ్లాసు కిటికీ గట్టు మీద ఉంది. మంచానికి నాలుగడుగుల దూరం. మంచం దిగలేని మనిషికి ఆ నాలుగడుగులు ఎంత దూరమో ఆలోచించండి. కాలింగ్ బెల్ తీగని ఎవరో కిటికీ చువ్వకి ముడేసి పైకి కట్టేశారు.

అప్పుడు చూశాను గోడకున్న చార్టు. ప్రతి రెండు గంటలకీ ఒక గడి. ఎడమ, వెల్లకిలా, కుడి అని, పక్కన టిక్కు, సంతకం. బెడ్ సోర్ రాకుండా రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి కదా, దాని రికార్డు. టైము నాలుగూ నలభై. చార్టులో ఆరు గంటలది టిక్కు పడి ఉంది. ఎనిమిదీ పడింది. పదీ పడింది. ఒకే పెన్ను, ఒకే ఊపు, ఆఖరి మూడు టిక్కులూ ఒకదానికొకటి ఆనుకుని జారినట్టున్నాయి. ఇంకా రాని రాత్రి పది గంటలకి అమ్మ కుడి పక్కకి తిరిగి పడుకుని ఉంది, కాగితం మీద.

అలాంటి టిక్కులు నాకు కొత్త కాదు. రోజూ లాకర్ గది చూశామని వారానికోసారి కూర్చుని ఏడు సంతకాలు పెట్టేసే మేనేజర్లని చూశాను. పాపం దాచుకోకూడదు, కుర్రతనంలో నేనూ పెట్టాను. అందుకే ఆ చార్టు చూసి ఆయమ్మ మీద కోపం రాలేదు. ఇది ఒక మనిషి సోమరితనం కాదు, పనికీ మనుషులకీ లెక్క కుదరనిచోట పుట్టే రాత అని అర్థమైంది.

మర్నాడు పొద్దున ఏడున్నరకే వెళ్ళి గేటు బయట నిలబడ్డాను. నైట్ డ్యూటీ దిగి వచ్చింది, పెదకాకాని నుంచి వచ్చే ఆయమ్మ. టీకొట్టు దగ్గర మాట కలిపాను. మొదట భయపడింది. నేను ఫిర్యాదు చేయనని రెండుసార్లు చెప్పాక నోరు విప్పింది.

"మామ్మగారికి నీళ్ళివ్వకూడదని ఎందుకుంటది సార్? నీళ్ళిస్తే డైపర్ మార్చాల. మార్చాలంటే ఇద్దరం ఉండాల. రాత్రి పై ఫ్లోర్‌కి నేనొక్కదాన్నే. సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు తగ్గించమని మాకు చెప్తారు."

ఇదీ సంగతి. ఫిబ్రవరిలో వచ్చిన ఇన్ఫెక్షన్, పసుపు యార్డు బండి, నోరు పిడచకట్టడం, 41 డైపర్లు, అన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. నీళ్ళిస్తే మార్చాలి.

టీ తాగుతూనే వేళ్ళ మీద లెక్కేశాను, అలవాటు పోదు. పై ఫ్లోర్‌లో 14 మంది. అందులో మంచం దిగలేనివాళ్ళు ఏడుగురు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా రెండు గంటలకోసారి అంటే మనిషికి ఆరుసార్లు, మొత్తం 42 సార్లు. తిప్పడం, తడిసిందేమో చూడటం, మార్చడం, ఒక్కోదానికి పది నిమిషాలే వేసుకున్నా ఏడు గంటలు. అదీ ఇద్దరు మనుషులుంటే. ఒక్కతే ఉంటే చార్టు ముందుగా నింపక ఏం చేస్తుంది? ఆ ఫ్లోర్ మీద హోముకొచ్చేది నెలకి 3,36,000. రాత్రి పన్నెండు గంటలు ఆ ఫ్లోర్ మొత్తాన్ని మోసే మనిషికి 9,500. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మేనేజర్‌తో మాట్లాడాను. చార్టు విషయం "క్లరికల్ మిస్టేక్" అన్నాడు. ఆ మాట నా దగ్గర అనకుండా ఉండాల్సింది.

కోపంలో ఇంటికొచ్చి చట్టం తీశాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని ఆ తర్వాత చూడకపోతే ఆ రాతని రద్దు చేయించుకోవచ్చు, వదిలేసిపోతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఇవన్నీ పేపర్లలో చదివినవే. హోముల గురించి ఉన్నది 19వ సెక్షన్. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చు అంటుంది. ఆ హోముల్లో ప్రమాణాలు ఎలా ఉండాలో రాష్ట్రమే నిర్ణయించుకోవచ్చు అంటుంది. రాత్రి పూట ఎంతమందికి ఒక ఆయమ్మ ఉండాలన్న మాట ఆ చట్టంలో లేదు. అన్నట్టు, 60 దాటితే వయోవృద్ధులే అని అందులోనే ఉంది. ఆ లెక్కన మా ఇంట్లో అమ్మతో పాటు మేమిద్దరం కూడా వయోవృద్ధులమే. చదివి వినిపిస్తే మా ఆవిడ, "నన్ను కలపకండి, నాకింకా మూడు నెలలుంది" అంది.

పెద్దవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567కి కూడా ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నారు, వివరాలు రాసుకున్నారు. ఆ నంబరు అందరూ ఫోన్లో పెట్టుకోవాల్సిందే. కానీ ఆ కాగితం కదిలేదాకా అమ్మ మడమ ఆగదు. వేరే హోము వెతకడమే నయమనిపించింది.

గుంటూరు నుంచి మంగళగిరి దాకా ఆరు చూశాను. ఈసారి పొద్దున పదింటికి కాదు, రాత్రి ఏడున్నరకి, చెప్పకుండా. రెండు చోట్ల లోపలికే రానివ్వలేదు, ఆ రెండూ కొట్టేశాను. ఒకచోట ఫినాయిల్ ఘాటు మిర్చి యార్డుని మించి ఉంది. ఇంకోచోట అందరూ ఏడింటికే గాఢనిద్రలో ఉన్నారు, ఒక్కరూ దగ్గలేదు, కదల్లేదు. అంత ప్రశాంతత చూసి భయమేసింది. మందేసి పడుకోబెట్టారో ఏమో నాకు తెలియదు, కానీ ముసలివాళ్ళంతా అలా పడుకోవడం నేనెక్కడా చూడలేదు. మా అమ్మ జీవితంలో పదింటికి ముందు పడుకోలేదు.

ఆఖరికి దొరికింది ఊళ్ళోనే, పాత డాబా ఇల్లు. లిఫ్టు లేదు, పచ్చిక లేదు, గోడలకి పెచ్చులూడాయి. పదకొండు మంది ఉంటారు. నడిపేది గవర్నమెంటు ఆసుపత్రిలో రిటైరైన నర్సమ్మగారు. నేను వెళ్ళేసరికి ఒక తాతగారు టీవీ సౌండు పెంచమంటున్నాడు, ఒక మామ్మగారు తగ్గించమంటోంది, వంటింట్లోంచి ఎవరో ఇద్దర్నీ కసురుతున్నారు. గోలగోలగా ఉంది. నాకు నచ్చింది. రాత్రికి ఇద్దరు ఆయమ్మలు, ఒకరు పడుకుంటే ఒకరు మెలకువగా, తిప్పేటప్పుడు ఇద్దరూ.

అడ్వాన్సు మాట ఎత్తకుండా ఆవిడే నన్ను ప్రశ్నలు వేసింది. అమ్మ ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? చెవి ఏది బాగా వినిపిస్తుంది? నీళ్ళు తాగనంటే ఏం తాగుతారు? నాకు మూడోది ఒక్కటే తెలుసు. మజ్జిగ, ఉప్పేసి, పల్చగా, స్టీలు గ్లాసులో. ప్లాస్టిక్ గ్లాసంటే అమ్మకి అసహ్యం. పాత హోములో అన్నీ ప్లాస్టిక్ గ్లాసులే. తాగకపోతే మొండితనం అన్నారు.

మే రెండో వారంలో అంబులెన్స్ మాట్లాడి మార్చాం. ఎండ మండిపోతోంది. దించగానే ఆవిడ అమ్మ దుప్పటి తీసి ముందు మడమలు చూసింది. పిక్కల కింద దిండు పెట్టి, మడమ ఏదానికీ ఆనకుండా గాలిలో ఉండేలా సర్దింది. గాలి పరుపు తెప్పించమంది. "పరుపేశాం కదా అని తిప్పడం మానకూడదు, కొంతమంది మానేస్తారు" అంది, తనలో తను అనుకున్నట్టు. అంతా అయ్యాక అమ్మ చెయ్యి పట్టుకుని, "మామ్మగారూ, మజ్జిగ ఇస్తే తాగుతారా?" అంది. అమ్మ నావైపు తిరిగి, "ఎవరురా ఈవిడ? మనవాళ్ళేనా?" అంది.

అక్కడ అంతా బంగారం అనను. బట్టలు కలిపేస్తారు, మొన్న అమ్మ ఎవరిదో పూల నైటీలో ఉంది. వంటమనిషి చెయ్యి జారిందంటే కారం ముసలివాళ్ళకి కాదు, ఊరేగింపుకి వండినట్టుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రావద్దంటారు, దాని మీద ఆవిడకీ నాకూ ఒకసారి మాట తేడా కూడా వచ్చింది. నెలకి 22 వేలు. కమిలిన చోట చర్మం మామూలు కావడానికి మూడు వారాలు పట్టింది. మడమకి ఇంకా ఎక్కువే పట్టింది.

పెదకాకాని ఆయమ్మ మొన్న ఫోన్ చేసింది. నంబరు నేనే ఇచ్చాను, ఆ టీకొట్టు దగ్గర. మామ్మగారు ఎలా ఉన్నారని అడిగి, కాసేపాగి, "అక్కడ మనుషులేమన్నా కావాలంటున్నారా సార్?" అంది. నర్సమ్మగారికి చెప్పాను. ఆలోచిస్తానంది.

ఇంతకీ ఆ 41 డైపర్లూ పాత హోములోనే వదిలేద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు, సంచిలో సర్ది అమ్మతో పాటే అంబులెన్స్‌లో పంపించింది. పదోరోజు పొద్దున నర్సమ్మగారు ఫోన్ చేశారు, డైపర్లు అయిపోయాయి, వచ్చేటప్పుడు తీసుకురండి అని.